అమెరికాలో తెలుగు సంఘాలు, గుళ్లు: స్టేట్ ఛారిటీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉందో లేదో తేల్చుకోవడం ఎలా

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి 501(సి)(3) లెటర్, అంటే సేవా సంస్థగా ఆదాయ పన్ను మినహాయింపు పత్రం, వచ్చిన రోజు వాట్సాప్ గ్రూపు అభినందనలతో నిండిపోతుంది. "ఇక మనది టాక్స్ ఎగ్జెంప్ట్" అని సెక్రటరీ ప్రకటిస్తారు. కమిటీలో సగం మందికి అంతటితో కాగితాల పని అయిపోయినట్టే. తర్వాత ఎప్పుడో ఒక మెంబరు పనిచేసే కంపెనీ అతను ఇచ్చిన విరాళానికి తోడుగా తన వంతు మ్యాచింగ్ డబ్బు పంపబోతూ "మీ స్టేట్ ఛారిటీ రిజిస్ట్రేషన్ నంబరు ఏది?" అని అడుగుతుంది. ట్రెజరర్ గారికి అలాంటిది ఒకటి ఉందని తెలిసేది అప్పుడే.

అమెరికాలో సుమారు 40 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, తమ ప్రజల దగ్గర విరాళాలు అడిగే సంస్థలు ముందు తమ దగ్గర నమోదు కావాలంటాయి. అందరూ నమోదు కానక్కర్లేదు. గుళ్లకు, చిన్న సంఘాలకు, ఇంకా కొన్ని రకాల సంస్థలకు మినహాయింపులున్నాయి. మన వాళ్ల సంస్థల్లో చాలా వాటికి ఏదో ఒకటి వర్తిస్తుంది కూడా. చిక్కల్లా ఎక్కడంటే, మినహాయింపును సంస్థకు ఒకసారి అంటిన ముద్ర అనుకుంటారు. అది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, ఏ ఏటికి ఆ ఏడు, డబ్బు ఎవరు ఎలా అడిగారన్న దాన్నిబట్టి మారుతుంది. కాబట్టి "మాకు ఎగ్జెంప్షన్ ఉందండీ" అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సింది: ఎక్కడ, ఏ ఏడాదికి, ఏ కారణం మీద?

మొదటి పని: నాలుగు మినహాయింపులను విడదీయండి

"ఎగ్జెంప్ట్" అన్న ఒక్క మాటను నాలుగు వేర్వేరు ఆఫీసులు నాలుగు విషయాలకు వాడతాయి. ఒకటి, ఫెడరల్ ఆదాయ పన్ను నుంచి మినహాయింపు. ఇది ఐఆర్‌ఎస్ ఇచ్చేది. ఫారం 1023 గానీ, ఏటా వచ్చేది 50,000 డాలర్లు మించని చిన్న సంస్థలైతే 1023-ఈజెడ్ గానీ పెట్టి తెచ్చుకుంటాం. రెండు, రాష్ట్ర ఆదాయ పన్ను లేదా ఫ్రాంచైజ్ టాక్స్ నుంచి మినహాయింపు. మూడు, సేల్స్ టాక్స్ మినహాయింపు. హాలు అద్దెకు తీసుకున్నప్పుడు, కేటరర్ బిల్లు కట్టేటప్పుడు గుర్తొచ్చేది ఇదే. నాలుగోది ఈ వ్యాసంలోది: చందాలు అడిగే సంస్థగా రాష్ట్రంలో నమోదు కావాల్సిన బాధ్యత నుంచి మినహాయింపు. మొదటి మూడూ చేతిలో ఉన్నా నాలుగోది ఉన్నట్టు కాదు.

నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌గా రాష్ట్రంలో నమోదవడం కూడా వేరే సంగతే. చాలా రాష్ట్రాల్లో కార్పొరేషన్ కాగితాలు చూసేది సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఛారిటీలను చూసేది అటార్నీ జనరల్. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ ఇలాగే. జార్జియా, వాషింగ్టన్, కొలరాడోల్లో ఛారిటీలనూ సెక్రటరీ ఆఫ్ స్టేటే చూస్తారు. న్యూజెర్సీలో కన్స్యూమర్ అఫైర్స్ విభాగం. ఫ్లోరిడా, వర్జీనియాల్లోనైతే ఈ పని వ్యవసాయ శాఖది! అక్కడి వ్యవసాయ శాఖకే వినియోగదారుల రక్షణ కూడా అప్పగించారు, విరాళాల లెక్కలు ఆ దారిన దాని చేతికొచ్చాయి. ఆ పేరు చూసి తప్పు సైటుకొచ్చామనుకుని వెనక్కి పోకండి.

రెండో పని: మీరు ఏయే రాష్ట్రాల్లో "అడుగుతున్నారో" రాసుకోండి

సంస్థ ఎక్కడ పుట్టిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎవరిని అడుగుతున్నారన్నది ముఖ్యం. డెలావేర్‌లో ఇన్‌కార్పొరేట్ చేస్తే సులువని ఎవరో చెబితే అక్కడ పెట్టేస్తారు. డెలావేర్‌లో ఛారిటీ రిజిస్ట్రేషన్ చట్టం లేని మాట నిజమే. కానీ సంఘం నడిచేది ఎడిసన్‌లో, చందాలిచ్చేది న్యూజెర్సీ వాళ్లయితే మిమ్మల్ని అడిగేది న్యూజెర్సీ.

నమోదు చట్టం లేని రాష్ట్రాల జాబితా చిన్నదే: డెలావేర్‌తో పాటు ఐడహో, ఇండియానా, అయోవా, మోంటానా, నెబ్రాస్కా, సౌత్ డకోటా, వెర్మాంట్, వయోమింగ్. ఇండియానాలో మాత్రం డబ్బు తీసుకుని చందాలు వసూలు చేసిపెట్టే ప్రొఫెషనల్ ఫండ్‌రైజర్లు నమోదు కావాలి. అరిజోనా సాధారణ ఛారిటీల నమోదును 2013లో ఎత్తేసింది. లూసియానా పెయిడ్ సొలిసిటర్లను, అంటే డబ్బు తీసుకుని చందాలు అడిగేవాళ్లను, పెట్టుకున్న సంస్థలనే నమోదు అడుగుతుంది. మిస్సోరీ 501(సి)(3) సంస్థలకు మినహాయింపు ఇచ్చేసింది.

మన వాళ్లు ఎక్కువగా ఉన్న వాటిలో హాయిగా ఉండేది టెక్సాస్. పోలీసులు, ఫైర్ వంటి ప్రజా భద్రతా సంస్థలు, మాజీ సైనికుల పేరిట చందాలు వసూలు చేసేవాళ్లను వదిలేస్తే అక్కడ సాధారణ ఛారిటీలకు నమోదు లేదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో సంఘం పెట్టి, డాలస్ చుట్టుపక్కల వాళ్ల చందాలతోనే సంక్రాంతి, ఉగాది చేసుకుంటూ పోతే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం లేదు. అదే సంఘం "మా ఊరి హైస్కూలుకు అదనపు గదులు" అని ఒక ప్రాజెక్టు ఎత్తుకుని, న్యూజెర్సీ, జార్జియా, కాలిఫోర్నియాల్లో ఉన్న ఊరి వాళ్లందరికీ ఈమెయిల్ పెట్టిందనుకోండి. ఆ మూడు రాష్ట్రాల చట్టాలూ విడివిడిగా చూసుకోవాల్సిందే.

మరి వెబ్‌సైటులో డొనేట్ బటన్ పెడితే? అది యాభై రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది కదా! రాష్ట్రాల ఛారిటీ అధికారుల సంఘం 2001లో ఇందుకు కొన్ని సూచనలు తయారు చేసింది. చార్ల్‌స్టన్ ప్రిన్సిపుల్స్ అంటారు. వాటి సారాంశం: మీ ప్రధాన కార్యాలయం ఉన్న రాష్ట్రంలో నమోదు ఎలాగూ చూసుకోవాలి. బయటి రాష్ట్రం నుంచి ఎవరో ఒకరు సైటు చూసి తమంతట తాము పంపితే అంతమాత్రాన అక్కడ నమోదు కానక్కర్లేదు. ఆ రాష్ట్రం వాళ్లను ప్రత్యేకంగా లక్ష్యం చేసుకున్నా, అక్కడి నుంచి విరాళాలు పదేపదే గానీ పెద్ద మొత్తంలో గానీ వస్తున్నా, అక్కడి వాళ్లకు ఈమెయిళ్లు, ఉత్తరాలు పంపుతున్నా నమోదు మాట ఆలోచించాలి. ఇవి సూచనలు, చట్టం కాదు. కొలరాడో, టెనెసీ లాంటివి మాత్రం వీటిని తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాయి.

ఇక్కడ చేయాల్సింది ఒక స్ప్రెడ్‌షీటు. నిరుడు విరాళమిచ్చిన వాళ్లను రాష్ట్రాల వారీగా విడగొట్టండి. ఎన్ని విరాళాలు, ఎంత మొత్తం, మీరు అడిగితే ఇచ్చారా, వాళ్లే వచ్చి ఇచ్చారా. ఈ నాలుగు గడులు నింపితే చాలా చిన్న సంఘాలకు చూసుకోవాల్సినవి రెండు మూడు రాష్ట్రాలేనని తేలిపోతుంది.

మూడో పని: మీ సంస్థ ఏ రకం?

కొన్ని మినహాయింపులకు డబ్బు ఎంత వచ్చిందన్న దానితో పని లేదు, సంస్థ స్వభావమే ఆధారం. దాదాపు అన్ని రాష్ట్రాలూ మత సంస్థలను వదిలేస్తాయి. చాలావి గుర్తింపు ఉన్న విద్యాసంస్థలను, ఆసుపత్రులను, ప్రభుత్వ విభాగాలను కూడా వదిలేస్తాయి. తమ సభ్యులను తప్ప బయటివాళ్లను అడగని సంఘాలకు కూడా కొన్ని రాష్ట్రాలు మినహాయింపు ఇస్తాయి.

మత సంస్థల మినహాయింపు వెనుక పెద్ద కథే ఉంది. 1940లో కాంట్‌వెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కనెటికట్ చట్టాన్ని తప్పుబట్టింది. మతం పేరిట చందాలు అడిగేవాళ్లు ముందు ఒక అధికారి దగ్గర అనుమతి తీసుకోవాలి, అది నిజంగా మత కార్యమో కాదో ఆ అధికారే తేలుస్తాడు అన్న నిబంధన చెల్లదంది. 1982లో లార్సన్ వర్సెస్ వాలెంటే కేసు మన గుళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. విరాళాల్లో సగానికి పైగా తమ సభ్యుల నుంచే వచ్చే మత సంస్థలకే మినహాయింపు, బయటి వాళ్ల మీద ఆధారపడేవి నమోదు కావాలి అని మిన్నెసోటా ఒక నియమం పెట్టింది. పాతుకుపోయిన చర్చిలకు మేలు, కొత్త మతాలకు కీడు చేసే ఈ వివక్ష చెల్లదని కోర్టు కొట్టేసింది. మన గుళ్లలో చర్చి తరహా సభ్యత్వ పట్టికలు ఉండవు. వచ్చిన భక్తుడు హుండీలో వేసి వెళ్లిపోతాడు, పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడు కల్యాణం చేయించుకుని పోతాడు. ఆ సగం నియమం నిలిచి ఉంటే పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి లాంటి చోట ఎవరు సభ్యులో తేల్చడానికే ఒక అకౌంటెంట్ కావాల్సి వచ్చేది.

గుడి విషయంలో తేలిక ఇంతవరకే. చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, గుడిని ఏ రూపంలో ఇన్‌కార్పొరేట్ చేశారన్నది. కాలిఫోర్నియాలో పబ్లిక్ బెనిఫిట్ (ప్రజల మేలుకు), మ్యూచువల్ బెనిఫిట్ (సభ్యుల మేలుకు), రిలిజియస్ (మతానికి) అని నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్లు విడివిడిగా ఉంటాయి. రిలిజియస్ కార్పొరేషన్‌గా పెట్టిన గుడికి అటార్నీ జనరల్ నడిపే ఛారిటీల రిజిస్ట్రీతో పని లేదు. పూజలు చేసేది గుడే అయినా కాగితాల మీద పబ్లిక్ బెనిఫిట్ అని ఉంటే, మీది మత సంస్థేనని మీరే వివరించుకోవాలి. రెండు, గుడికి అనుబంధంగా పెట్టిన ఇతర సంస్థలు. "ఫలానా దేవస్థానం సాంస్కృతిక ఫౌండేషన్" అని వేరే ఈఐఎన్‌తో (ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను గుర్తింపు సంఖ్యతో) ఒక సంస్థ ఉంటే, గుడికి ఉన్న మినహాయింపు దానికి వారసత్వంగా రాదు.

తెలుగు సంఘాలు ఈ తలుపు గుండా లోపలికి వెళ్లాలని చూడటం మంచిది కాదు. వినాయక చవితి చేసినంత మాత్రాన సాంస్కృతిక సంఘం మత సంస్థ అయిపోదు. బైలాస్‌లో "తెలుగు భాష, సంస్కృతి" అని రాసుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు "మాది దేవుడి కార్యక్రమం" అంటే నిలబడదు. ఆదివారం తెలుగు బడులదీ ఇదే పరిస్థితి. విద్యాసంస్థల మినహాయింపు సాధారణంగా అక్రెడిటేషన్ ఉన్న బళ్లకు, కాలేజీలకు. చర్చి బేస్‌మెంట్‌లో వారానికి గంటన్నర ఒత్తులు, గుణింతాలు నేర్పే బడికి అది దొరకడం కష్టం. అలాంటి వాళ్లకు అసలు ఆధారం తర్వాతి అంచెలో ఉంది.

నాలుగో పని: మొత్తం ఎంత వచ్చిందో సరిగ్గా లెక్కకట్టండి

చిన్న సంస్థలకు ఒక పరిమితి వరకు మినహాయింపు ఉంటుంది. ఇది రాష్ట్రాన్నిబట్టి బాగా తేడాగా ఉంటుంది. న్యూజెర్సీలో 10,000 డాలర్ల లోపు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, జార్జియా, మిషిగన్, మిన్నెసోటా, మేరీలాండ్‌లలో 25,000. వాషింగ్టన్, కనెటికట్‌లలో 50,000. కాలిఫోర్నియాలో అసలు చిన్న సంస్థల పరిమితి అన్నదే లేదు. మొదటి డాలరు చేతికొచ్చిన 30 రోజుల్లోగా సీటీ-1 ఫారంతో నమోదై, తర్వాత ఏటా ఆర్‌ఆర్‌ఎఫ్-1 అనే వార్షిక రిపోర్టు పంపాలి. బే ఏరియాలో పది కుటుంబాలు కలిసి పెట్టుకున్న చిన్న ట్రస్టుకైనా ఇంతే. ఈ పరిమితులను శాసనసభలు అప్పుడప్పుడు పెంచుతుంటాయి కాబట్టి ప్రతి ఏడాదీ ఆయా ఆఫీసు సైటులోనే చూడండి, పాత వ్యాసాలను నమ్మొద్దు. ఇది కూడా రేపటికి పాత వ్యాసమే.

అంకె కంటే లెక్కగట్టే తీరు దగ్గరే మన వాళ్లు ఎక్కువ తడబడతారు. సాధారణంగా చూసేది స్థూల మొత్తం, ఖర్చులు పోగా మిగిలింది కాదు. సంక్రాంతి సంబరాలకు 32,000 డాలర్ల స్పాన్సర్‌షిప్ చందాలు వచ్చి, హాలుకు, భోజనాలకు, సౌండ్ సిస్టమ్‌కు 31,000 ఖర్చయితే "మాకు మిగిలింది వెయ్యే" అనడం పనికిరాదు. 25,000 పరిమితి ఉన్న రాష్ట్రంలో ఆ సంఘం గీత దాటేసింది.

ఏది విరాళం, ఏది కాదు అన్నదీ రాష్ట్రాన్నిబట్టే. జార్జియా మొత్తం ఆదాయాన్ని చూస్తుంది, అది కూడా నిరుడు, ఈ ఏడాది రెండింటిలోనూ 25,000 లోపు ఉండాలంటుంది. ఇంకొన్ని రాష్ట్రాలు విరాళాలనే చూస్తాయి. నిజమైన సభ్యత్వ రుసుమును, ప్రభుత్వ గ్రాంట్లను పక్కనపెడతాయి. సభ్యత్వ రుసుము అంటే ఓటు హక్కో, ఏదైనా సదుపాయమో బదులుగా ఇచ్చేది. వెయ్యి డాలర్లకు "శాశ్వత పోషకుడు" అని ఒక ఫలకం ఇస్తే అది సభ్యత్వం కంటే విరాళానికే దగ్గర. కంపెనీల మ్యాచింగ్ డబ్బు విరాళమే. ఐటీలో పనిచేసే మన వాళ్ల సంఘాలకు ఒక్కోసారి సభ్యులిచ్చిన దానితో సమానంగా ఇది వచ్చి పడుతుంది. ప్లాట్‌ఫామ్ నుంచి మూడు నెలలకొకసారి గుత్తగా జమ అవుతుంది కనక లెక్కలో జారిపోతుంది. డిసెంబరులో బ్యాంకు స్టేట్‌మెంటు తీసి దీన్ని ప్రత్యేకంగా వెతకండి.

ఇక లడ్డూ వేలం. బాలాపూర్ చూసి నేర్చుకున్నామో ఏమో, ఇప్పుడు అట్లాంటాలోనూ, డెట్రాయిట్‌లోనూ గణపతి లడ్డూకు వేలం పాట ఉండాల్సిందే. పాట పాడిన వాళ్ల పేరు ఫేస్‌బుక్‌లో మారుమోగుతుంది గానీ, ఆ డబ్బును ఏ పద్దు కింద రాయాలని ఎవరూ అడగరు. లడ్డూకు సరుకుగా ఉన్న విలువ పోగా మిగిలిందంతా విరాళమే. 5,000 డాలర్లకు పాట ముగిస్తే ఆ ఒక్క లడ్డూతోనే న్యూజెర్సీ పరిమితిలో సగం అయిపోయింది. పన్ను రసీదులోనూ ఇదే లెక్క: ఇచ్చిన దానికి బదులుగా ఏదైనా అందుకున్న విరాళం 75 డాలర్లు దాటితే, అందుకున్న దాని విలువ ఎంతో రసీదులో రాసివ్వాలి.

ఐదో పని: డబ్బు తీసుకుంటున్నది ఎవరు?

పరిమితి లోపల ఉన్నా చాలా రాష్ట్రాలు ఇంకో షరతు పెడతాయి. ఇందులో రెండు రకాలున్నాయి. న్యూయార్క్, పెన్సిల్వేనియా తరహాలో చందాలు వసూలు చేయడానికి ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు. వాషింగ్టన్ తరహాలో చందాల సేకరణతో సహా సంస్థ పనులన్నీ జీతం లేనివాళ్లే చేయాలి. ఈ రెండోది ఇంకా కఠినం. సియాటిల్‌లో ఒక చిన్న కళా సంస్థ 20,000 డాలర్లే వసూలు చేసినా, కూచిపూడి టీచరుకు నెలనెలా జీతం ఇస్తుంటే చిన్న సంస్థ మినహాయింపు ప్రశ్నార్థకమే. టీచరు ఎవరినీ చందా అడగకపోయినా సరే. బోర్డు సభ్యులకు పెట్రోలు, స్టేషనరీ ఖర్చులు బిల్లు చూసి తిరిగి ఇవ్వడం వేరు, అది జీతం కాదు.

మొదటి రకంలో మన వాళ్లు తెలియకుండా ఇరుక్కునేది సినిమా తారల షోలతో. సంగీత దర్శకుడి ట్రూప్ అమెరికా వస్తుంది, ప్రమోటర్ ఫోన్ చేసి "మీ సంఘం పేరు వేసుకుంటాం, స్పాన్సర్లను మేమే తెస్తాం, వచ్చిన దాంట్లో మీకు 15 శాతం" అంటాడు. ఈ ఒప్పందం మీద సంతకం పెట్టిన క్షణం అతను మీ తరఫున డబ్బుకు చందాలు అడిగే ప్రొఫెషనల్ సొలిసిటర్ కావచ్చు. మీ పేరు వాడుకుని సరుకో టిక్కెట్లో అమ్మి మీకు వాటా ఇచ్చేవాడైతే కమర్షియల్ కో-వెంచరర్. అతను విడిగా నమోదు కావాల్సి ఉండవచ్చు, మీ మినహాయింపు అక్కడితో పోవచ్చు. ఆహ్వాన పత్రిక మీద "ఈ కార్యక్రమం ద్వారా వచ్చే నిధులు సేవా కార్యక్రమాలకు" అని వేసే ముందు ఆ ఒప్పందాన్ని లాయరుకు చూపించండి. నన్నడిగితే శాతం లెక్కన వాటా అసలు ఒప్పుకోకూడదు. ట్రూప్‌కు మీరే ఫీజు కట్టి, టిక్కెట్లు, స్పాన్సర్‌షిప్పులు వాలంటీర్లే చూసుకుంటే కాస్త కష్టమైనా లెక్క శుభ్రంగా ఉంటుంది.

పేరు చెప్పి ఒక కుటుంబం కోసం అడిగితే

రోడ్డు ప్రమాదంలో ఒక విద్యార్థి చనిపోతే, మృతదేహాన్ని గుంటూరుకో కరీంనగర్‌కో పంపడానికి రాత్రికి రాత్రి గోఫండ్‌మీ మొదలవుతుంది. చాలా రాష్ట్రాలు పేరు చెప్పిన ఒక వ్యక్తి సహాయార్థం అడిగే చందాలకు ప్రత్యేక మినహాయింపు ఇస్తాయి. షరతు దాదాపు అన్నిచోట్లా ఒకటే: వచ్చిన ప్రతి డాలరూ కోత లేకుండా ఆ వ్యక్తికో కుటుంబానికో చేరాలి, అడిగినవాళ్లు జీతం తీసుకోకూడదు.

ఈ డబ్బు సంఘం ఖాతాలోకి వస్తేనే కథ మారుతుంది. స్నేహితుడో బంధువో తన పేరున గోఫండ్‌మీ పెట్టి, కుటుంబ సభ్యుణ్ణే లబ్ధిదారుగా చూపితే సంఘం లెక్కల్లోకి అది రాదు. "నమ్మకం కోసం" అని సంఘం ఖాతాలోకి మళ్లిస్తే మూడు చిక్కులు. ఒక్క వారంలో 80,000 వచ్చి పడి, అప్పటిదాకా 25,000 కింద నెమ్మదిగా ఉన్న సంస్థ పరిమితి దాటిపోతుంది. ఫలానా వ్యక్తికే అని కేటాయించి ఇచ్చిన డబ్బుకు దాతకు పన్ను మినహాయింపు రాదు, అయినా సంఘం పేరు చూసి అందరూ రసీదు అడుగుతారు. పైగా మిగిలిన డబ్బు ఏం చేయాలన్న తగవు కూడా సంఘం నెత్తికే చుట్టుకుంటుంది. సంఘం చేయగలిగిన మంచి పని లింకును నలుగురికీ చేరవేయడం, ఆ కుటుంబం నిజంగా ఫలానా వారేనని నిర్ధారించడం, కాన్సులేట్‌తో మాట్లాడిపెట్టడం. డబ్బును మాత్రం నేరుగా పోనివ్వండి.

ఆరో పని: మినహాయింపు దానంతట అదే వస్తుందా, అడగాలా?

కొన్ని రాష్ట్రాల్లో షరతులకు సరిపోతే చాలు, ఏమీ పంపనక్కర్లేదు. జార్జియాలో, వాషింగ్టన్‌లో చిన్న సంస్థలకు అంతే. కొన్నింట్లో అడిగి తెచ్చుకోవాలి. న్యూయార్క్‌లో నమోదు ఫారం చార్ 410తో పాటు మినహాయింపు కోరే షెడ్యూల్-ఈ ఉంటుంది. కనెటికట్‌లో సీపీసీ-54 అనే క్లెయిమ్ ఫారం. మేరీలాండ్‌లో చిన్న సంస్థలు నమోదు కాకపోయినా ఫండ్‌రైజింగ్ నోటీసు పంపాలి. ఇల్లినాయ్‌లో మత సంస్థలకు సీఓ-3 అనే విడి ఫారం ఉంది. మసాచుసెట్స్‌లో చందాలు అడిగే సర్టిఫికెట్ నుంచి చిన్న సంస్థలకు మినహాయింపు దొరికినా, పబ్లిక్ ఛారిటీగా నమోదు బాధ్యత అలాగే ఉంటుంది. ఇలా సగం మినహాయింపులూ ఉంటాయి, ఫారం చివరిదాకా చదవాలి.

దరఖాస్తు అవసరం లేని చోట కూడా మీ ఫైల్లో ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఏ రాష్ట్రం, ఏ సెక్షన్, ఏ ఏడాది, మొత్తం ఎంత, జీతం తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఏ తేదీన సైటు చూసి తేల్చారు, బోర్డు ఏ మీటింగులో ఒప్పుకుంది. మ్యాచింగ్ కంపెనీ నంబరు అడిగినప్పుడు పంపేది ఈ పేజీనే. ఏటా ఐఆర్‌ఎస్‌కు లెక్కలు చెప్పే పెద్ద ఫారం 990 నింపే సంస్థలకు ఇది ఇంకోచోటా పనికొస్తుంది: డబ్బిచ్చి ఫండ్‌రైజర్లను పెట్టుకున్న సంస్థలు షెడ్యూల్-జీలో ఏయే రాష్ట్రాల్లో నమోదయ్యాయో, ఎక్కడ మినహాయింపు దొరికిందో రాయాలి. 990 ఎవరైనా తెరిచి చూడగలిగే పత్రం. అందులో రాసిందీ రాష్ట్రాల దగ్గర ఉన్నదీ పొంతన లేకపోతే ముందు ప్రశ్న అడిగేది ఐఆర్‌ఎస్ కాకపోవచ్చు.

మినహాయింపు ఉన్నా తప్పనివి

గుళ్లను, చర్చిలను వదిలేస్తే మిగతా సంస్థలు ఏటా ఐఆర్‌ఎస్‌కు 990 కుటుంబంలో ఏదో ఒకటి పంపాలి. 50,000 లోపు అయితే 990-ఎన్, ఆన్‌లైన్‌లో నిమిషాల పని. వరసగా మూడేళ్లు మరిచిపోతే 501(సి)(3) హోదా దానంతట అదే రద్దవుతుంది, అప్పుడు రాష్ట్ర మినహాయింపుల్లో చాలా వాటికి ఆధారమే పోతుంది. కార్పొరేషన్ వార్షిక రిపోర్టు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు విడిగా వెళ్లాలి. రాఫుల్ టిక్కెట్లకు చాలా చోట్ల వేరే లైసెన్సు ఉంటుంది. దీపావళి రాత్రి ఐప్యాడ్ లాటరీ పెట్టే ముందు కౌంటీలో, రాష్ట్రంలో కనుక్కోండి. అబద్ధాలు చెప్పి చందాలు తీసుకుంటే అటార్నీ జనరల్ చర్య తీసుకోవడానికి నమోదు ఉందా లేదా అన్నదానితో పని లేదు.

ఇండియాకు పంపే డబ్బు సంగతి ఇంకో వ్యాసమంత. ఇక్కడికి చాలినంత చెబుతాను. అమెరికా సంఘం ఎంత తెలుగుదైనా భారత చట్టం దృష్టిలో విదేశీ మూలమే. కాబట్టి అక్కడ అందుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే చేరాలి. న్యూజెర్సీలో మీకు దొరికిన మినహాయింపు అక్కడ చెల్లదు.

గీత దాటినప్పుడు

ఏడాది మధ్యలో పరిమితి దాటితే గాభరా పడొద్దు. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు దాటిన రోజు నుంచి నమోదుకు 30 రోజులు ఇస్తాయి. అందుకే ట్రెజరర్ మూడు నెలలకొకసారి కాకుండా ప్రతి పెద్ద కార్యక్రమం తర్వాత మొత్తం చూసుకోవాలి. దాటి చాలా కాలమైందని ఇప్పుడే తెలిస్తే కూడా దారి ఉంది: నోటీసు రాకముందే మీరే వెళ్లి నమోదై, పాత ఏళ్ల రిపోర్టులు ఇస్తే చాలా ఆఫీసులు ఆలస్య రుసుముతో సరిపెడతాయి. కాలిఫోర్నియాలో రిపోర్టులు బకాయి పడితే రిజిస్ట్రీలో మీ పేరు పక్కన డెలింక్వెంట్ అని కనిపిస్తుంది. ఆన్‌లైన్ విరాళాల ప్లాట్‌ఫాముల మీద 2023 నుంచి అక్కడ అమలవుతున్న చట్టం ప్రకారం మంచి స్థితిలో లేని ఛారిటీల కోసం అవి చందాలు సేకరించకూడదు. అందుకని ఆ ఒక్క పదంతో మీ డొనేట్ బటన్ ఆగిపోవచ్చు.

కాలిఫోర్నియా పేరెత్తితే కొంతమంది "మా దాతల పేర్లన్నీ ఇవ్వాలా?" అని భయపడతారు. పెద్ద దాతల జాబితా ఉండే షెడ్యూల్-బీని ఛారిటీలన్నీ తనకు ఇవ్వాలన్న ఆ రాష్ట్ర నియమాన్ని సుప్రీంకోర్టు 2021లో కొట్టేసింది. నమోదు అంటే దాతల పేర్లు బయటపెట్టడం కాదు.

తెలుగు సంఘాల్లో కమిటీలు ఏడాదికో రెండేళ్లకో మారిపోతాయి, పాస్‌వర్డులు పాత ట్రెజరర్ జీమెయిల్‌లో ఉండిపోతాయి. బాధ్యతలు అప్పగించే రోజున చెక్కుబుక్కుతో పాటు ఇవి కూడా చేతిలో పెట్టండి: రాష్ట్రాల వారీ దాతల పట్టిక, మినహాయింపు పేజీలు, దొరికిన లెటర్లు, ఒక్కో రాష్ట్రానికి గడువు తేదీలు, సంఘం పేరున ఉన్న ఒక ఉమ్మడి ఈమెయిల్. కొత్త ట్రెజరర్ మొదటి నెలలో చేయాల్సిందల్లా ఆ పేజీలను ఈ ఏటి అంకెలతో తిరగరాయడం.